తేనెపిట్టలు రావాలంటే సీసా కంటే ముందు మందార మొక్క

మీరు అడిగినవి రెండు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన ఎర్ర ఫీడర్‌లో, అంటే పిట్టలకు తీపి నీళ్లు పెట్టే సీసాలో, బెల్లం నీళ్లు పోసి, హైదరాబాద్‌లో మూడో అంతస్తు బాల్కనీలో వేలాడదీస్తే చీమలే తప్ప ఒక్క పిట్టా రాలేదు, బెల్లం బదులు తేనె పోయొచ్చా అన్నది మొదటిది. అసలు తేనెపిట్టలు ఏం చేస్తే వస్తాయన్నది రెండోది.

ముందు ఆ బెల్లం నీళ్లు పారబోసి సీసా కడిగేయండి. తేనె కూడా వద్దు. బెల్లంలో ఇనుము, ఇతర ఖనిజాలు ఉంటాయి. పూలతేనెకు అలవాటు పడిన చిన్న ఒంటికి అంత ఇనుము మంచిది కాదు. పైగా బెల్లం నీళ్లు మన ఎండకు పూట గడవకముందే పులుస్తాయి. తేనెను నీళ్లలో కలిపితే అందులో అప్పటిదాకా నిద్రాణంగా ఉన్న ఈస్టు, బూజు లేస్తాయి. అదే బూజు పిట్ట నాలుకకు, గొంతుకు పట్టుకుంటుంది. పటికబెల్లం, నాటు చక్కెర, గ్లూకోజ్ పొడి, శరబత్తు పొడులు, షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు వాడే తీపి బిళ్లలు, ఎర్ర రంగు, ఇవేవీ వద్దు. పోస్తే మామూలు తెల్ల చక్కెర నీళ్లే పోయాలి, ఆ కొలత కింద చెప్తాను.

ఇక ఆ ఫీడర్. అది హమ్మింగ్‌బర్డ్‌ల కోసం చేసింది. ఆ జాతి అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేదు. అవి గాల్లో ఒకేచోట నిలబడి తాగుతాయి కాబట్టి కొన్ని ఫీడర్లకు కూర్చునే కొమ్మ ఉండదు. మన తేనెపిట్ట క్షణం రెండు క్షణాలు గాల్లో ఆగగలదు గానీ, తాగడం మాత్రం ఎక్కడో ఒకచోట కాళ్లు ఆనించే తాగుతుంది. మీ దాంట్లో రంధ్రాల కింద కాళ్లు పట్టే కడ్డీ లేకపోతే, రంధ్రానికి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో పెన్సిల్ కంటే సన్నటి పుల్ల ఒకటి వైరుతో కట్టండి. అది కట్టినా వెంటనే వస్తాయని చెప్పలేను. పూలు లేని బాల్కనీలో వేలాడే సీసాను పిట్ట తిండిగా గుర్తించదు. పూల కోసం వచ్చి, కొన్నాళ్లకు దాన్ని కనిపెడుతుంది. అందుకే నా సలహా ఎప్పుడూ మొక్కలు ముందు, సీసా ఆఖర్న. మొక్కలు కుదిరాక చాలామందికి సీసా అవసరమే పడదు.

ఎవరి కోసం పెంచుతున్నామో తెలిస్తే మొక్కల ఎంపిక సులువవుతుంది. తెలుగు ఊళ్లలో ఇళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు తేనెపిట్టలు. ఒకదాని మగపిట్ట జత కట్టే కాలంలో ఎండ పడితే నీలం, ఊదా మెరుస్తూ, నీడలో నల్లగా కనిపిస్తుంది. ఆ కాలం అయ్యాక ఆడపిట్టలాగే పసుపు, గోధుమ రంగుకి మారిపోయి గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్లటి చార మిగులుతుంది. దాన్ని చూసి వేరే పిట్ట అనుకునేవాళ్లు చాలామంది. రెండోది పసుపు పొట్ట, ఊదా నడుము ఉన్నది. దీని మగపిట్ట రంగు ఏడాదంతా అలాగే ఉంటుంది. రెండూ పది సెంటీమీటర్లకు అటూ ఇటూ, బరువు పది గ్రాములలోపే. చెట్లు బాగా ఉన్నచోట, ముక్కు బాగా పొడవుగా, కొడవలిలా వంగిన మూడో రకం కూడా వస్తుంది. కళ్లచుట్టూ తెల్లటి వలయం ఉండే ఆకుపచ్చ పిట్టలు, బుల్బుళ్లు, గోరింకలు కూడా పూలతేనె తాగుతాయి.

మొక్కల్లో మొదట చెప్పాల్సింది మందారం. రేకమందారమే తెచ్చుకోండి. ముద్దమందారంలో రేకులు కిక్కిరిసి ముక్కు లోపలికి పోయే దారి ఉండదు. తేనెపిట్ట మందారాన్ని ఎదురుగా తాగడం తక్కువ, పక్కన కూర్చుని పువ్వు మొదట్లో చిన్న కన్నం పొడిచి తాగుతుంది. పూల అడుగున అలాంటి చిల్లులు కనబడితే తెగులనుకుని మందు కొట్టకండి. కుండీ పద్నాలుగు అంగుళాలకు తక్కువ ఉండకూడదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుకో కొబ్బరి పొట్టో ఒక పాలు. రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ పడాలి. ఆకు ఏపుగా ఉండి పూలు రావడం లేదంటే యూరియానో, నత్రజని ఎక్కువున్న మరో ఎరువో వేస్తున్నట్టే. అది ఆపి, నెలకు గుప్పెడు వర్మీకంపోస్టు వేస్తే సరిపోతుంది.

బాల్కనీకి అన్నిటికంటే నమ్మకమైనది హమీలియా. నర్సరీలో ఆ పేరుతోనే అడగండి. నారింజ, ఎరుపు రంగుల్లో సన్నటి గొట్టాల్లాంటి పూలు గుత్తులుగా దాదాపు ఏడాదంతా పూస్తుంది. కొత్త చిగురు చివర్నే పూస్తుంది కాబట్టి పూత తగ్గినప్పుడు మూడో వంతు కత్తిరించాలి. రెండు కుండీలుంటే రెండూ ఒకేసారి కత్తిరించకండి, మూడు నాలుగు వారాలు పిట్టకు ఏమీ ఉండదు. దాని పక్కన రెయిలింగ్ మీదుగా జారేలా రస్సేలియా పెట్టండి. టపాకాయల దండలా ఎర్రటి పూలుంటాయి, పన్నెండు అంగుళాల కుండీ చాలు. నూరు వరహాలు, మెట్టతామర, పౌడర్ పఫ్ కూడా పనికొస్తాయి. ఒక్కో మొక్క ఒక్కో రకం కొనేకన్నా ఒకే రకం మూడు కుండీలు పక్కపక్కన పెడితే ఫలితం ఎక్కువ. దూరం నుంచి ఎర్రటి మడి కనపడాలి, దిగితే నాలుగు గుక్కలైనా దొరకాలి. లాంటానా మాత్రం తేకండి. పిట్టలు దాని పండ్లు తిని గింజల్ని అడవుల్లోకి మోసుకెళ్తాయి, అక్కడ అది కిందనున్న నాటు మొక్కల్ని మింగేస్తోంది.

నేల ఉన్నవాళ్లకు నేను ఈ కుండీ మొక్కల్ని మొదటగా చెప్పను. హమీలియా, రస్సేలియా రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పెరట్లో ఒక మునగ, ఒక దానిమ్మ, గట్టున అరటి ఉంటే ఇంటికీ తిండి, పిట్టకూ తిండి. అరటి పువ్వు దొప్ప విచ్చుకున్నప్పుడల్లా కింది పూలలో తేనె నిండుగా ఉంటుంది, తెల్లవారుజామున చూడండి. స్థలం ఇంకా ఉంటే మోదుగ, బాడిద, బూరుగు. ఆకు రాల్చి ఫిబ్రవరి, మార్చిలో ఒళ్లంతా పూసే మోదుగ చెట్టు ఒక్కటి చుట్టుపక్కల పిట్టలన్నిటికీ ఆ రెండు నెలలూ అన్నం పెడుతుంది. మామిడి మీద బదనిక (చెట్టు కొమ్మల్లోకే వేళ్లు దించి బతికే మొక్క) చిన్న గుబురు కనపడితే చెట్టుకు బలం ఉన్నంతవరకూ దాన్ని ఒకటి వదిలేయమంటాను. దాని పూలు తేనెపిట్టలవి, దాని పండ్లు ఫ్లవర్‌పెకర్ అనే బొటనవేలంత పిట్టవి. కొమ్మలన్నిటికీ పాకితే మాత్రం కోయక తప్పదు.

చాలామంది మరిచిపోయేది సాలీళ్ల సంగతి. తేనెపిట్ట తేనె ఒక్కటే తాగి బతకదు. పెద్దవి పురుగుల్ని, సాలీళ్లను ఏరుకుని తింటాయి. పిల్లలకైతే ఎక్కువగా పెట్టేవి అవే, మాంసకృత్తులు లేకుండా ఈకలు మొలవవు. గూడు అల్లేదీ సాలెపట్టుతోనే. కాబట్టి బాల్కనీ పైమూలల్లో, మొక్కల మధ్యలో సాలెగూళ్లు కొన్ని ఉండనివ్వండి. మందుల విషయంలో గట్టిగా ఉండండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు వేర్ల నుంచి మొక్కంతా పాకి పూలతేనెలోకి కూడా చేరతాయి, పైన కడిగితే పోవు. మందారానికి పిండినల్లి పడితే పైపుతో నీళ్లు బలంగా కొట్టండి, బాగా పట్టిన చివర్లు తుంచి కవర్లో కట్టి పారేయండి. అప్పటికీ లొంగకపోతే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి రెండు మూడు చుక్కల సబ్బు ద్రవం వేసి, సాయంత్రం పూట ఆకుల అడుగున మాత్రమే చల్లండి, పూల మీద పడనివ్వకండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు అక్కడ ఏం కొట్టారో తెలియదు కాబట్టి మొదటి పూత తుంచేయడం మంచిది.

నీళ్ల గురించి కొద్దిగా. ఈ పిట్టలు తడి ఆకుల్లో దొర్లి స్నానం చేస్తాయి. వేసవిలో ఉదయాన్నే మొక్కలపై జల్లులా చల్లితే చాలు. పళ్లెం పెడితే రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు మించకుండా, గులకరాళ్లు వేసి, రోజూ మార్చండి. లేకపోతే డెంగీ దోమలకు తావిచ్చినట్టే.

ఇంత చేశాక కూడా ఫీడర్ పెట్టాలని ఉంటే, లేదా ఎండాకాలంలో పూత తగ్గి పెట్టాలనిపిస్తే, పద్ధతి ఇది. ఒక పాలు చక్కెర, నాలుగు పాళ్ల నీళ్లు, రెండూ ఒకే గిన్నెతో కొలవాలి. పావు కప్పు చక్కెరకు ఒక కప్పు నీళ్లు. ఇది బరువులో సుమారు 17, 18 శాతం తీపి, పూలతేనెకు దగ్గర. చిక్కగా చేస్తే మంచిదనుకోవద్దు. పాకంలా ఉంటే నాలుకతో లాగడం కష్టం, ఎండలో పిట్టకు కావాల్సిన నీరు అందదు. పలుచనైతే పొట్ట నిండుతుంది గానీ శక్తి చాలదు. నీళ్లు మరిగించి, దించి, చక్కెర కరిగించి, పూర్తిగా చల్లార్చి పోయాలి. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో వారం దాకా ఉంచవచ్చు.

ఫీడర్ నిండా పోయకండి. యాభై మిల్లీలీటర్లు చాలు, ఒక పిట్ట ఒకసారికి తాగేది చుక్కలే. నీడలో, ఐదారడుగుల ఎత్తున, గుబురు మొక్కకు కాస్త దూరంలో కట్టండి. పిల్లి వస్తే ఎగిరి దూరడానికి గుబురు కావాలి, అలాగని పిల్లి అందులో దాక్కుని అందుకునేంత దగ్గరా కాకూడదు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారి పెట్టి పది గంటలకు తీసేయండి, కావాలంటే నాలుగింటికి కొత్తది. మిగతా కాలంలో రోజుకొకసారి మార్చాలి. పాతదానిమీద కొత్తది పోయడం ఎప్పుడూ వద్దు. మసక, బుడగలు, దారాల్లాంటి తీగ, పుల్లవాసన, వీటిలో ఏది కనపడినా మీరు ఆలస్యం చేసినట్టే.

మార్చిన ప్రతిసారీ వేడినీళ్లతో, సన్నటి బ్రష్‌తో రంధ్రాల లోపల కూడా తోమాలి. వారానికోసారి రెండు పాళ్ల నీళ్లకు ఒక పాలు తెల్ల వెనిగర్ కలిపి గంట నానబెట్టి, బాగా కడిగి, ఎండబెట్టండి. నల్లటి బూజు పట్టేసి ఉంటే ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్ల నీళ్లలో పది నిమిషాలు ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా కడగాలి. వెనిగర్, బ్లీచ్ రెండూ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుట్టి మీకే ప్రమాదం. ఈ శుభ్రం రోజూ కుదరని ఇంట్లో ఫీడర్ పెట్టకపోవడమే పిట్టకు మేలు. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని, దగ్గరికెళ్లినా కదలని పిట్ట కనపడితే రెండు వారాలు సీసా తీసేయండి. ఒకే రంధ్రంలో అందరూ ముక్కు పెట్టడం వల్లే జబ్బు పాకుతుంది.

చీమలకు సీసా పైన, తాడు మధ్యలో నీళ్ల గిన్నె. ప్లాస్టిక్ మూత మధ్యలో కన్నం చేసి, తీగ దూర్చి, కన్నం చుట్టూ ఎం-సీల్ పెట్టి మూతలో నీళ్లు పోస్తే చీమ దాటలేదు. తీగకు గ్రీజు, వ్యాజిలిన్ పూయకండి. ఈకలకు అంటితే పిట్ట ఎగరలేదు, కడుక్కోలేదు. చీమల మందు సుద్ద అసలు వద్దు. తేనెటీగలు మూగాయంటే ఎక్కడో కారుతోంది, లేదా పసుపు రంగు భాగాలు వాటిని పిలుస్తున్నాయి. కారడం ఆపి, నాలుగైదు రోజులు పూర్తిగా తీసేసి, వేరేచోట కట్టండి.

అద్దాల కిటికీకి ఫీడర్ అయినా, పూలమొక్క అయినా మీటరులోపు ఉండాలి. దూరంగా ఉంటే వేగంగా వచ్చి ప్రతిబింబంలోని ఆకాశంలోకి దూకుతుంది. దగ్గరైతే తగిలినా దెబ్బ తక్కువ. అద్దం బయటివైపు రెండేసి అంగుళాల దూరంలో చుక్కలు అంటిస్తే ఇంకా మంచిది, లోపలివైపు అంటిస్తే ప్రతిబింబం పోదు. మగపిట్ట కారు అద్దంలో తన్ను తాను చూసుకుని రోజంతా పోట్లాడుతుంటే అద్దానికి ఒక సంచి తొడగండి. సంక్రాంతి అయ్యాక కొమ్మలకు చిక్కిన మాంజా ఏరేయండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా ఇంకా చెట్లకు వేలాడుతూనే ఉంది.

గూడు కట్టిందంటే సంచిలా వేలాడుతూ, పక్కన చిన్న ద్వారం, దానిపై చూరు ఉంటుంది. బట్టల దండెం, కేబుల్ తీగ, ఎండిన కొమ్మ, ఎక్కడైనా కట్టేస్తుంది. సాధారణంగా రెండు గుడ్లు. పొదగడానికి 15 నుంచి 17 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలకు పైగా పడుతుంది. ఆ దండెం వదిలేసి బట్టలు ఇంకోచోట ఆరేసుకోండి. ఫొటో కోసం ఫ్లాష్ వద్దు, ఆకులు తప్పించవద్దు, ఆ ఆకులే కాకి కంటి నుంచి కాపాడుతున్నాయి. గూళ్లు తీయడం, గుడ్లు ముట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. ఈకలొచ్చిన పిల్ల కింద పడితే దగ్గరి కొమ్మ మీద పెట్టి దూరంగా జరగండి, తల్లి వచ్చి మేపుతుంది. ఈకల్లేని పిల్లయితే గూట్లోనే పెట్టండి, మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది అపోహ. నోట్లో పాలు, అన్నం, చక్కెర నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఊరెళ్లేటప్పుడు ఫీడర్ నింపి వెళ్లకండి, కడిగి ఆరబెట్టి లోపల పెట్టేయండి. పిట్టలు నాలుగు రోజులు వేరే పూలు చూసుకుంటాయి. కుండీలకు నీళ్లు పోసే మనిషిని మాత్రం ఏర్పాటు చేసుకోండి. ఏప్రిల్‌లో రెండు మూడు రోజులు నీళ్లు అందకపోతే హమీలియా మొగ్గలన్నీ రాల్చేస్తుంది, మళ్లీ పూతకు రావడానికి వారాలు పడుతుంది.