హంటింగ్ లైసెన్సు మీద తేదీ చూశారా?

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా హెచ్-1బి మీద టెక్సస్‌లో ఉంటున్నాను. గ్రీన్‌కార్డు క్యూ కదలదు, ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలియదు. మనసు కాస్త కుదుటపడేది షూటింగ్‌లోనే. నెలకోసారి స్నేహితుడి రాంచ్‌కి వెళ్లి అతని తుపాకితో కాలుస్తాను. ఆ మోతకు చెవులు గింగురుమంటున్నాయి, గుర్రాలు బెదురుతున్నాయని పక్క రాంచ్ వాళ్లు గొడవ చేస్తున్నారు. అందుకే చిన్న తూటాల .22 పిస్టల్, దాని మూతికి బిగించి మోత తగ్గించే సప్రెసర్ కొనుక్కుందామనుకుంటున్నాను. రూగర్ మార్క్ 4 మంచిదా, టారస్ టీఎక్స్22 మంచిదా? తూటాలు రెండు డబ్బాలు ముందే కొనిపెట్టాను. సప్రెసర్‌కి ఇప్పుడు పన్ను లేదు కాబట్టి ఆన్‌లైన్‌లో తుపాకి క్లీనింగ్ కిట్ తెప్పించి, దాన్నే మనం సప్రెసర్‌గా మార్చుకోవచ్చని స్నేహితుడు అంటున్నాడు. పోయినేడు తీసుకున్న హంటింగ్ లైసెన్సు ఇంట్లో ఎక్కడో ఉండాలి.

జవాబు: మీ కేసు అంతా ఆ 'ఎక్కడో ఉండాలి' దగ్గరే తేలుతుంది. పిస్టల్ సంగతి తర్వాత.

హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకి గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం, 18వ టైటిల్ 922(జి)(5)(బి), చెబుతోంది. మినహాయింపుల్లో మీకు పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఒక్కటే. టెక్సస్‌లో ఆ లైసెన్సు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో గడువు అయిపోతుంది. మీది అయిపోయి ఉంటే, మర్నాటి నుంచి ఇంట్లో ఆ తూటాలు ఉండడమే నేరం. శిక్ష 15 ఏళ్ల వరకు. మామూలుగా కేసు పెట్టడానికి గడువు 5 ఏళ్లు. అయితే వస్తువు మీ దగ్గర ఉన్నంతకాలం నేరం సాగుతూనే ఉంటుంది కాబట్టి ఆ లెక్క మొదలే కాదు.

తుపాకి స్నేహితుడిదే కదా అనకండి. చేతిలోకి తీసుకుంటే చాలు. స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఆ హోదా పోయిన రెహైఫ్ అనే వ్యక్తి మీద కేసు షూటింగ్ రేంజ్‌లో కాల్చినందుకే నడిచింది. నిందితుడికి తన వీసా హోదా ఏమిటో తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో సుప్రీంకోర్టు అంది. మీకు ఆ తీర్పు అక్కరకు రాదు. మీ ఉత్తరం మొదటి వాక్యంలోనే హెచ్-1బి అని రాసుకున్నారు. తూటాల బిల్లు మీ క్రెడిట్ కార్డు మీద ఉంది, రాంచ్‌లో ఫొటోలు దిగి ఉంటే తేదీలతో సహా ఫోన్‌లో ఉంటాయి. వీసా స్టాంపింగ్ కాగితాలు ఒక్కటి పోకుండా ఫైలు చేసుకునే మనవాళ్లు ఈ లైసెన్సు కాగితాన్ని ఇంత నిర్లక్ష్యంగా పడేస్తే ఎలాగండీ?

ఇక క్లీనింగ్ కిట్. దాని జోలికి అస్సలు పోవద్దు. 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది 200 డాలర్ల పన్ను మాత్రమే. 1934 నాటి ఫెడరల్ తుపాకుల చట్టం అడిగే రిజిస్ట్రేషన్ అలాగే ఉంది. సప్రెసర్‌గా వాడాలన్న ఉద్దేశంతో తెప్పిస్తే డబ్బా మీద ఏం రాసి ఉన్నా అది సప్రెసరే, చట్టం దృష్టిలో అది కూడా తుపాకే. ముందు అనుమతి లేకుండా చేసినదాన్ని తర్వాత రిజిస్టర్ చేయించుకునే దారి లేదు. పదేళ్ల జైలు ఒక ఎత్తు, డిపోర్టేషన్ ఒక ఎత్తు. తుపాకి నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనే పంపించేస్తారు.

ఈరోజే లైసెన్సు వెతికి తేదీ చూడండి. గడువు దాటితే రాంచ్‌కి వెళ్లడం ఆపండి. రెన్యూ చేస్తే ఇకముందుకే పనికొస్తుంది, గడిచిన నెలల తప్పు మాసిపోదు. ఫొటోలు చెరిపేయకండి, తూటాల గురించి ఎవరికీ మెసేజ్‌లు పెట్టకండి. క్రిమినల్ డిఫెన్స్ లాయరును కలిసి, ఆయన చెప్పిన పద్ధతిలో వాటిని ఇంట్లోంచి తీయండి. తర్వాత కొత్త లైసెన్సు తీసుకుని, షాపులో తుపాకి కొనేవాళ్లు నింపే ఫారం 4473 మీద వీసా ప్రశ్నకు నిజం రాసి, లైసెన్సు చూపించి పిస్టల్ కొనండి. సప్రెసర్‌ను డీలర్ దగ్గరే ఫారం 4 (సప్రెసర్‌ను మీ పేరుకు మార్చే దరఖాస్తు) మీద, వేలిముద్రలు, ఫొటో ఇచ్చి, అనుమతి వచ్చాకే ఇంటికి తెచ్చుకోండి. ఏటా ఆగస్టు 31 లోపు లైసెన్సు రెన్యూ చేయించుకుని పాత కాపీలన్నీ దాచండి.

నన్నడిగితే మార్క్ 4, సప్రెసర్ బిగించడానికి మరలు ఉన్న బ్యారెల్‌ది. తూటా వేగం ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 1,125 అడుగులను, దాటితే సప్రెసర్ ఉన్నా పటేల్‌మంటుంది. కాబట్టి 40 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) స్టాండర్డ్ వెలాసిటీ, అంటే మామూలు వేగం తూటాలు చాలు. మరీ నెమ్మదివి కొంటే తూటాను ఎక్కించే బోల్టు పూర్తిగా వెనక్కి రాక జామవుతుంది. ఎంత తగ్గినా మోత పూర్తిగా పోదు, చెవులకు పెట్టుకునే మఫ్స్ తీయకండి.