తలకిందుల ఫోటోలు తీసే బిడ్డకు

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూసిన. ఒక్క మాట ముందుగల్లనే చెప్త, ఎడిటింగ్‌ల తిప్పేసినంత మాత్రాన అది తలకిందుల ఫోటో అయిపోదు. చూసేటోళ్లు మెడ వంచి ఒకసారి చూసి ముందుకు జరిపేస్తరు. ఫోటోల బరువు ఎటు దిగుతున్నదో చెప్పేది ఏదో ఒకటి ఉండాలె, నీళ్ల మీద తేలే ఆకో, జారే కొంగో, వేలాడే జడో. కంటికి కనవడేదానికి, ఆ బరువుకు పొసగదు చూడు, మనిషి అక్కడ ఆగుతడు.

కొమ్మకు కాళ్లు మెలేసి వేలాడే పిల్లగాని ఫోటోనే తీస్కో. తిప్పి చూస్తే నిలబడ్డట్టే ఉన్నడు కని వెంట్రుకలు పైకి లేచినయి, అంగీ గదువ దాకా ఎక్కింది, మొఖమంత ఎర్రగయింది. ఆ ఫోటోకు ప్రాణమే అది, నువ్వేమో క్రాప్ చేసి వెంట్రుకలే కోసేసినవ్. మళ్ల ఒరిజినల్ తీసి చూడు.

ఇగ నీళ్ల సంగతి. వాన వెలిసినంక ఖిలా వరంగల్ పో, కీర్తి తోరణాల కాడ రాళ్ల సందులల్ల నీళ్లు ఆగుతయి, అరచెయ్యంత మడుగు ఉన్నా సాలు. ఫోన్‌ను తలకిందులు పట్టుకుంటే లెన్స్ నీళ్లకు ఆనేంత కిందికొస్తది, ఎంత కిందికి పోతే నీళ్లల్ల నీడ, అంటే ప్రతిబింబం, అంత చిక్కగా పడ్తది. ఎండ నీ వీపు దిక్కు ఉండి తోరణం మీద పడాలె. ఫోకస్ మాత్రం నీళ్ల మీద పెట్టకు, చానా మంది ఇక్కడనే పోగొట్టుకుంటరు. మడుగు నీ కాళ్ల కాడనే ఉన్నా నీడల కనవడే తోరణం మాత్రం దూరమే, నీ నుంచి నీళ్లకు, నీళ్ల నుంచి తోరణానికి రెండూ కలిపి ఎంతుంటే అంత దూరానికి ఫోకస్ కావాలె. నీళ్ల మీది ఆకు కూడా క్లియర్‌గ రావాలంటే కెమెరాల అపర్చర్‌ను, అంటే వెలుగొచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 11 దాకా చిన్నగ చెయ్యి. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) ఉంటే తీసెయ్యి, అది నీడనే తుడిచేస్తది. నీడ అసలు దానికన్న ఎప్పుడూ నల్లగనే ఉంటది కాబట్టి, ఒట్టి నీడనే తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కొంచెం పెంచు.

చౌరస్తాల షాపు బోర్డు నీడ తీసినవ్ కదా, దాన్ని రొటేట్ చేసినవ్, అందుకే అక్షరాలు ఎడమ కుడి తారుమారైనయి. నిలువుగ ఫ్లిప్ చేస్తే మంచిగ చదవొస్తది. నాకైతే తారుమారు అక్షరాలే ఇష్టం, అది నీళ్లల్ల నీడ అని అవే చెప్తయి. నీకేది కావాల్నో తెలిసి చెయ్యి, ఆప్‌ల ఏ బటన్ ముందు దొరికితే అది నొక్కకు.

అసలు కెమెరా లోపట బొమ్మ పడేదే తలకిందులు. వెలుగు చిన్న బొక్కల నుంచి సూటిగ పోతది కాబట్టి పైనుంచి వచ్చింది కిందికి, కిందిది పైకి పోతది. హంపిల విరూపాక్ష గుడి గోపురం నీడ లోపటి గోడ మీద తలకిందులు పడేది గిట్లనే. పాతకాలం ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కాలం పెద్ద కెమెరాలల్ల నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక గాజు పలక మీద తలకిందుల బొమ్మనే చూసి ఫ్రేమ్ కట్టుకునేటోళ్లు. అట్ల చూస్తే మొఖం, గుడి అని మనసు పేర్లు పెట్టదు, గీతలు, నలుపు తెలుపులు, ఎటు బరువెక్కింది అనేదే కనవడ్తది. నీ ప్రింట్లు కూడా తలకిందులు పెట్టి చూస్కో, ఏ మూల ఖాళీగ ఉన్నదో వెంటనే దొరుకుతది.

ఇంట్ల కూడా చెయ్యొచ్చు. రోడ్డు దిక్కు కిటికీ మొత్తం నల్ల చార్ట్‌తోని మూసి, వేలు దూరేంత బొక్క పెట్టు. కొద్దిసేపు చీకట్ల కూసో, ఎదురింటి గోడ, పోయే ఆటోలు అన్నీ తలకిందులుగ నీ గోడ మీదికొస్తయి. ఫోన్ స్టాండ్ మీద పెట్టి నైట్ మోడ్‌ల తియ్యి, మబ్బు లేని ఎండ మధ్యాహ్నమైతే ఇంకా మంచిగొస్తది. బొమ్మను తలకిందులు చూపే గాజు గోళం కొన్నవంటున్నవ్ కదా, దానితోని బయట తీస్తే ఎండల వదిలిపెట్టకు, గడ్డి అంటుకుంటది.

వానాకాలం బావుల మీది ఈత చెట్లకు గిజిగాని గూళ్లు చూడు, పిట్ట తలకిందులు వేలాడుకుంట అల్లుతది. దూరం నుంచే తియ్యి, కొమ్మ వంచకు. సద్దుల నాడు పద్మాక్షి గుండం కాడ బతుకమ్మల దీపాలు నీళ్లల్ల కనవడ్తయి, ఆడోళ్లను అడిగినంకనే కెమెరా ఎత్తు.

ఈసారి పంపేటప్పుడు తిప్పినయి, తిప్పనియి రెండూ పంపు.

మీ మేనమామ,
హన్మకొండ