సచివాలయం ఫొటోలో ఆ నల్ల చారలెందుకు?

ప్రశ్న: జూన్ 2న ఆవిర్భావ దినోత్సవం రాత్రి సచివాలయాన్ని, ఎదురుగా ఉన్న అమరవీరుల స్మారకాన్ని ఫోన్‌తో తీశాను. దీపాలన్నీ తెల్లటి ముద్దల్లా వచ్చాయి. భవనం వెనక్కి వాలినట్టుంది. కొన్నింట్లో అడ్డంగా నల్ల చారలు. ఫోన్ మార్చాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అక్కర్లేదండీ. ముందు చారల సంగతి చూద్దాం. మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే చాలా ఎల్ఈడీ దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంటుంది. కంటికి అది తెలియదు. ఫోన్ సెన్సర్ మాత్రం దృశ్యాన్ని ఒకేసారి కాకుండా వరసవరసగా చదువుతుంది. వెలుగు తగ్గిన క్షణంలో చదివిన వరసలే ఆ చారలు. ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునే పద్ధతి) షట్టర్, అంటే సెన్సర్ వెలుగు తీసుకునే సమయం, సెకనులో 1/100 లేదా 1/50 వంతు పెడితే చాలావరకు పోతాయి. వీడియోకైతే ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో పాల్ ఫార్మాట్లు (50 హెర్ట్జ్ కరెంటుకు సరిపోయే వీడియో పద్ధతి) ఆన్ చేసి, సెకనుకు 25 ఫ్రేములు ఎంచుకోండి.

దీపాలు ముద్దలైపోవడానికి అసలు కారణం మీరు వెళ్లిన వేళ. ఆకాశం పూర్తిగా నల్లబడ్డాక తీసిన భవనం ఫొటో నాకెప్పుడూ నచ్చలేదు. జూన్ మొదట్లో మనకు పొద్దు గుంకేది 6.50 ప్రాంతంలో. ఏడు దాటాక ఓ పావుగంట ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. అప్పుడు దీపాల వెలుగూ ఆకాశమూ సరిసమానంగా కనిపిస్తాయి. ప్రమిద ఆకారంలో ఉన్న ఆ స్మారకం స్టెయిన్‌లెస్ స్టీలుది కదా, అద్దంలా చుట్టూ ఉన్నదంతా తనలోకి తీసుకుంటుంది. ఆ పావుగంటలో చూడండి: పైన ఆకాశపు నీలం, కింద రోడ్డు దీపాల పసుపు, మధ్యలో సాగిపోయిన కార్ల నీడలు. ఫోన్ తెరపై అందులో బాగా మెరుస్తున్న చోట వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) లాక్ అవుతుంది. తర్వాత వెలుగు కాస్త తగ్గించండి.

ఇక వాలడం. 265 అడుగుల భవనం కింద నిలబడి ఫోన్ పైకెత్తితే గోడలు దగ్గరపడ్డట్టే వస్తాయి. వెనక్కి నడవండి, ఫోన్ నిటారుగా పట్టుకుని 2ఎక్స్ జూమ్ వాడండి. ట్యాంక్‌బండ్ మీద నుంచి తీస్తే ఇంకా మేలు. ఇప్పటికే తీసిన ఫొటోలను స్నాప్‌సీడ్ యాప్‌లోని పర్‌స్పెక్టివ్‌తో సరిచేయొచ్చు.

ప్రశ్న: సద్దుల బతుకమ్మనాడు నైట్ మోడ్‌లో తీస్తే అమ్మ ముఖం మసకబారింది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: నైట్ మోడ్ ఆపేయండి. అది కొన్ని ఫ్రేములను కలిపి ఒక ఫొటో చేస్తుంది. ఆలోగా ఆడేవాళ్లు ఒక అడుగు జరిగిపోతారు. ఇక్కడా షట్టర్ 1/100 పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 1600 వరకు పెంచండి. కాస్త గరుకుదనం వచ్చినా పర్వాలేదు, ముఖం తెలియడం ముఖ్యం. వంగి చప్పట్లు కొట్టి మళ్లీ నడుమెత్తే చోట కదలిక ఒక్క క్షణం ఆగుతుంది. రెండు చుట్లు ఊరికే చూసి ఆ లయ పట్టుకుని, మూడో చుట్టులో నొక్కండి. దీపాలు మీ వెనక ఉండి, వాటి వెలుగు ఆడేవాళ్ల ముఖాల మీద పడేలా నిలబడండి.