ఐకియా ధర తక్కువ ఎలా అవుతుంది, అదే పద్ధతి అన్ని దేశాల్లో ఎందుకు నడవదు?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా ఇన్ని దేశాల్లో దాదాపు ఒకే సామాను అమ్ముతూ ఎలా నిలబడింది, హైదరాబాద్ స్టోర్‌కి అంతమంది జనం వస్తున్నా కంపెనీకి మన దేశంలో నష్టాలెందుకు, మీ ఊళ్ళో దాని ఫ్రాంచైజీ తీసుకోవచ్చా అని. నాకు హనుమకొండలో ఫర్నిచర్ షాపు ఉంది, వెనకాలే చిన్న వర్క్‌షాపు. 2018 ఆగస్టులో హైదరాబాద్ రాయదుర్గంలో వాళ్ళ స్టోర్ తెరిచినప్పుడు మా లైన్లో ఉన్నవాళ్ళందరికీ టెన్షన్ పట్టుకుంది. అప్పటి నుంచి ఆ కంపెనీ గురించి దొరికినదల్లా చదువుతున్నాను, వీలైనప్పుడల్లా వెళ్ళి ఒక్కో వస్తువు కిందా పైనా చూసి వస్తున్నాను. అలా అర్థమైంది చెబుతాను.

మా దగ్గర ధర ఎలా పుడుతుందంటే, చెక్క ఖర్చు, సన్మైకా, ఫిట్టింగులు, వడ్రంగి కూలి, షాపు అద్దె అన్నీ కూడి, పైన మా లాభం వేసుకుంటాం. వచ్చిన అంకే ధర. ఐకియాలో లెక్క తలకిందులుగా ఉంటుంది. ఈ టేబుల్ ఇంతకే అమ్మాలి అని ముందు నిర్ణయిస్తారు. ఆ ధరలో ఇమిడేలా డిజైనర్ గీస్తాడు. ఏ ఫ్యాక్టరీ చేయగలదో, ఏ బోర్డు వాడాలో, పెట్టె ఎంత పలచగా రావాలో అప్పుడే తేలుతుంది. వాళ్ళ 'లాక్' అనే చిన్న టేబుల్ తీసుకోండి. పైకి మందంగా కనిపిస్తుంది కానీ లోపలంతా తేనెపట్టు ఆకారంలో అల్లిన కాగితం. తలుపులు చేసే పద్ధతినే టేబుల్‌కి వాడారు. మొదటిసారి దాన్ని చేత్తో ఎత్తి చూసినప్పుడు మా వర్క్‌షాపులో పెద్దమేస్త్రీ "ఇది చెక్క పని కాదు సేటూ, లెక్క పని" అన్నాడు. ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

రెండోది రవాణా. ఫర్నిచర్ వ్యాపారంలో ఉన్నవాళ్ళకి ఈ బాధ తెలుసు. డీసీఎం వ్యానులో మూడు సోఫా సెట్లు వేస్తే నిండిపోతుంది, కానీ మనం మోసేది సగం గాలే. 1956లో ఐకియా డిజైనర్ గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక టేబుల్ కారులో పట్టక కాళ్ళు ఊడదీసి పెట్టాడని, వాళ్ళ ఫ్లాట్ ప్యాక్, అంటే సామానుని విడి భాగాలుగా పలచని పెట్టెలో పెట్టి అమ్మడం, అక్కడే మొదలైందని చెబుతారు. అసలు విశేషం, ఆ ఒక్క ఆలోచనని కాఫీ కప్పు దాకా తీసుకెళ్ళడం. వాళ్ళ 'బాంగ్' కప్పులు మొదట ఒక ప్యాలెట్ (సరుకు పేర్చి రవాణా చేసే బల్ల) మీద 864 పట్టేవి. అంచు కొంచెం మార్చితే 1,280 పట్టాయి. ఎత్తు తగ్గించి, పిడి జరిపి మళ్ళీ గీస్తే 2,024 అయ్యాయి. కప్పు అదే, తాగే కాఫీ అదే, ఓడ ఖర్చు మాత్రం సగానికన్నా ఎక్కువ తగ్గింది. ఇది చదివిన తర్వాత నేను మా గోడౌన్‌ని చూసే తీరే మారిపోయింది.

వీళ్ళు విదేశాలకి వెళ్ళింది కూడా మొదట గొప్ప ప్లాన్‌తో కాదు. ఇంగ్వార్ కాంప్రాడ్ 1943లో, 17 ఏళ్ళ వయసులో, స్వీడన్‌లోని స్మాలాండ్ ప్రాంతంలో ఈ కంపెనీ పెట్టాడు. ఫర్నిచర్ అమ్మకం 1948లో మొదలైంది. ధరలు మరీ తక్కువని అక్కడి వ్యాపారులు కట్టగట్టుకుని, ఇతనికి సరుకు ఇవ్వొద్దని తయారీదారుల మీద ఒత్తిడి తెచ్చారు. దాంతో సొంత డిజైన్లు మొదలుపెట్టాడు, 1961 నుంచి పోలండ్ ఫ్యాక్టరీల్లో చేయించడం మొదలుపెట్టాడు. సరుకు కొనడంలో ప్రపంచం అక్కడ తెరుచుకుంది. స్వీడన్ బయట మొదటి స్టోర్ 1963లో నార్వేలో వచ్చింది.

ఇక అసలు విషయం. ఐకియా తక్కువ ధరలో ఒక భాగం కొనేవాడి కష్టం. పెట్టెని స్టోర్‌లో వెతికి తీసుకోవాలి, బండి తోసుకుంటూ కారు దాకా తేవాలి, ఇంటికి మోసుకెళ్ళి తానే బిగించుకోవాలి. ఈ పనులన్నీ కొనేవాడికి అప్పగించి, దానికి బదులు ధరలో తగ్గింపు ఇస్తారు. వడ్రంగి గంటకి బోలెడు డాలర్లు అడిగే దేశంలో ఈ ఒప్పందం బ్రహ్మాండంగా ఉంటుంది. న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలూ బావగారూ కొత్త కాపురానికి మంచం, బల్ల, పుస్తకాల అర అన్నీ తామే బిగించుకున్నారు. అక్కడ మనిషిని పిలిస్తే బల్ల ఖరీదు కన్నా కూలే ఎక్కువయ్యేదట. మనిషి కూలి తక్కువగా ఉన్న చోటా, కారు లేని చోటా, ఇంటికొచ్చి బిగించి ఇవ్వడం మర్యాద అనుకునే చోటా ఇదే ఒప్పందం బేరం కుదరక ఆగిపోతుంది. ప్రతి దేశంలోనూ ఐకియా పడ్డ ఇబ్బంది చాలావరకు ఇదేనని నా అభిప్రాయం.

జపాన్ చూడండి. 1974లో స్థానిక భాగస్వామి ద్వారా వెళ్ళారు, 1986లో వెనక్కి వచ్చేశారు. ఇళ్ళు చిన్నవి, సామాను కొలతలు పెద్దవి, తామే బిగించుకోవడం జనానికి నచ్చలేదు. మళ్ళీ 2006లో ఫునబాషిలో తెరిచేటప్పుడు ముందుగా జనం ఇళ్ళకి వెళ్ళి ఎలా బతుకుతున్నారో చూసి, గదుల కొలతలకి తగ్గట్టు షోరూమ్ సర్దారు, డెలివరీ, బిగింపు సేవలు పెట్టారు. అమెరికాలో 1985లో మొదలైనప్పుడు చిక్కు కొలతల్లో వచ్చింది. మంచాలు సెంటీమీటర్ల లెక్కలో ఉండేవి, అక్కడి దుప్పట్లకి సరిపోయేవి కావు. నీళ్ళ గ్లాసులు వాళ్ళకి మరీ చిన్నవిగా అనిపించి, పూలు పెట్టే వాజులు కొని వాటిలో తాగేవారట. కొలతలు మార్చాకే వ్యాపారం కుదుటపడింది. చైనాలో 1998లో అడుగుపెట్టినప్పుడు చిక్కు వేరు, ఐరోపాలో చవక అనుకునే ధర అక్కడి యువతకి ఖరీదు. స్థానికంగా చేయించడం పెంచి ఏటేటా ధరలు తగ్గించుకుంటూ వచ్చారు. స్టోర్లని ఊరి బయట హైవే పక్కన కాకుండా మెట్రో, బస్సులకి దగ్గరగా పెట్టారు.

హైదరాబాద్‌కి వచ్చేటప్పటికి ఈ పాఠాలన్నీ వాళ్ళ చేతిలో ఉన్నాయి. 2013లో కేంద్రం 10,500 కోట్ల రూపాయల పెట్టుబడికి అనుమతి ఇస్తే, మొదటి స్టోర్‌కి ఐదేళ్ళు పట్టింది. ఆ ఐదేళ్ళలో వందల ఇళ్ళు తిరిగారు. మనం నేల నీళ్ళతో కడుగుతాం, తుడుస్తాం కాబట్టి కొన్ని అల్మారాల కింద కాళ్ళు పెట్టి లేపారు. కత్తులు, ఫోర్కుల సెట్ల బదులు చెంచాలు విడిగా పెట్టారు, ఇడ్లీ పాత్రలు పెట్టారు. పరుపుల్లో కొబ్బరి పీచు వచ్చింది. రెస్టారెంటులో బీఫ్, పోర్క్ తీసేసి బిర్యానీ, సమోసా పెట్టారు. 200 రూపాయల లోపు వెయ్యి రకాల వస్తువులు ఉంచారు. అన్నిటికన్నా ముఖ్యంగా, బిగించి ఇచ్చే సొంత మనుషుల్ని పెట్టుకున్నారు. పది మందిలో తొమ్మిది మంది స్క్రూడ్రైవర్ పట్టరని వాళ్ళకి ముందే అర్థమైంది.

మరి నష్టాలెందుకు? నా లెక్క ఇది. బిగింపు, డెలివరీ వాళ్ళ నెత్తిన పడగానే ఆ పాత ఒప్పందంలో కొంత ఆదా పోతుంది. జనం వస్తారు, తిరుగుతారు, తింటారు, డబ్బాలు, దిండ్లు, గిన్నెలు కొని వెళ్తారు. సోఫా, వార్డ్‌రోబ్ దగ్గరికి వచ్చేసరికి "మా కార్పెంటర్‌తో గోడ కొలతకి చేయించుకుంటాం" అంటారు. ఈ మాట ఆ స్టోర్‌లోనే పక్కవాళ్ళ నోట విన్నాను, రోజూ మా షాపులోనూ వింటాను. దానికి తోడు పెద్ద సామానులో చాలా భాగం బయటి నుంచి దిగుమతి, అంటే సుంకం, ఓడ ఖర్చు. స్టోర్ల భూమికీ భవనాలకీ పెట్టిన సొమ్ము వేరే. 2024 మార్చితో ముగిసిన ఏడాదికి కూడా ఇండియా కంపెనీ నష్టం వెయ్యి కోట్లకు పైనే.

ఇంత నష్టాన్ని ఇన్నేళ్ళు ఎలా భరిస్తారు అంటే, స్టోర్లు నడిపే ఇంగ్కా గ్రూపు నెదర్లాండ్స్‌లో ఒక ఫౌండేషన్ చేతిలో ఉంది, షేర్ మార్కెట్‌లో లేదు. మూడు నెలలకోసారి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. బ్రాండు హక్కులు ఇంటర్ ఐకియా అనే వేరే సంస్థవి. స్టోర్లు నడిపేవాళ్ళు అమ్మకాల మీద 3 శాతం దానికి కట్టాలి. ఈ ఏర్పాటు పన్నులు తగ్గించుకోవడానికేనని విమర్శ ఉంది, 2017లో యూరోపియన్ కమిషన్ దీని మీద విచారణ కూడా మొదలుపెట్టింది. ఆ విమర్శని నేను తేలిగ్గా తీసుకోను. హనుమకొండలో మేం ప్రతి బిల్లుకీ జీఎస్టీ కడుతున్నాం. తక్కువ ధర గురించి పొగిడేటప్పుడు ఇంకోటి కూడా మరవకూడదు. గోడకి బిగించకపోతే ముందుకి పడిపోయే డ్రాయర్ బీరువాల కింద పసిపిల్లలు చనిపోయాక, 2016లో అమెరికాలో సుమారు 2.9 కోట్ల యూనిట్లు రీకాల్ చేయాల్సి, అంటే అమ్మినవాటిని వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. చిన్నపిల్లలున్న ఇంటికి ఎత్తైన డ్రాయర్ ఏ కంపెనీది కొన్నా, గోడకి బిగించకుండా మా మనుషుల్ని నేను బయటికి రానివ్వను.

ఫ్రాంచైజీ సంగతి: దొరకదు. దుబాయ్‌లో స్టోర్ నడిపేది అల్ ఫుత్తైమ్ గ్రూపు, సౌదీ, కువైట్‌లలో వేరే గ్రూపులు. అవన్నీ చాలా పెద్ద సంస్థలు, ఒక్కొక్కరికి ఒక ప్రాంతం మొత్తం రాసిస్తారు. ఇండియాని ఇంగ్కానే నేరుగా చూసుకుంటోంది. మీ ఊళ్ళో ఐకియా పేరుతో డీలర్‌షిప్ ఇస్తామని ఎవరైనా అడ్వాన్సు అడిగితే డబ్బు ఇవ్వకండి.

మీకు వర్క్‌షాపు ఉండి, నిజంగా వాళ్ళతో వ్యాపారం చేయాలనుంటే దారి సరఫరా వైపు ఉంది. మన దేశం నుంచి వాళ్ళు 1980ల నుంచే దుప్పట్లు, తివాచీలు లాంటివి కొంటున్నారు. ముందు వాళ్ళ 'ఐవే' నియమావళి చదవండి. 2000లో తెచ్చిన ఆ నియమాల్లో బాలకార్మికులు, జీతాలు, పని గంటలు, అగ్నిప్రమాద జాగ్రత్తలు, కలప ఎక్కడి నుంచి వచ్చింది అన్నీ ఉంటాయి, తనిఖీకి వస్తారు. మస్టర్ రోల్ (పనివాళ్ళ హాజరు పట్టీ), పీఎఫ్, కలప కొన్న బిల్లులు సరిగ్గా లేకపోతే ధర దాకా మాటే వెళ్ళదు. నేరుగా వాళ్ళకి అమ్మేంత పెద్ద యూనిట్ లేకపోతే, ఇప్పటికే వాళ్ళకి సరుకు ఇస్తున్న ఫ్యాక్టరీకి ఒక చిన్న భాగం చేసి పెట్టే పని వెతకండి. ఆ ఫ్యాక్టరీలు కూడా ఇవే కాగితాలు అడుగుతాయి కాబట్టి ముందు వాటి పని చూసుకోండి.