ఏ పెట్టె దేనికి పలుకుతుంది? యూనివర్సల్ రిమోట్ కొనబోయేవాళ్ళకు

అమెరికా వచ్చి కాస్త కుదురుకున్నాక ఇంట్లోకి మొదట టీవీ వస్తుంది. తర్వాత దాని ముందుకో సౌండ్‌బార్, వెనక్కి, ఇంటర్నెట్‌లోని సినిమాలు టీవీలో చూపించే ఫైర్ స్టిక్కో రోకూనో చేరతాయి. అప్పుడు మొదలవుతుంది ప్రశ్న: "సోఫా మీద నాలుగు రిమోట్లు పడి ఉంటున్నాయండీ, అన్నిటికీ కలిపి ఒక్కటి ఏది కొనమంటారు?" వచ్చే నెల అమ్మావాళ్ళో అత్తగారివాళ్ళో వస్తున్నారంటే ఈ ప్రశ్నకి తొందర కూడా తోడవుతుంది.

నా జవాబు చాలామందికి నచ్చదు. ముందు ఏదీ కొనకండి. ఆ నాలుగింటిలో ఒకదానికి మిగతా మూడింటి పనీ చేతనవుతుంది. టీవీ సెట్టింగుల్లో ఒక ఆప్షన్ ఆన్ చెయ్యక అది ఊరికే పడి ఉంది, అంతే.

ఆ ఆప్షన్ పేరు హెచ్‌డీఎంఐ సీఈసీ. హెచ్‌డీఎంఐ కేబుల్లో బొమ్మనీ శబ్దాన్నీ మోసే తీగలతో పాటు, పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి విడిగా ఒక తీగ ఉంటుంది. ఫైర్ స్టిక్ రిమోట్ మీద హోమ్ నొక్కగానే టీవీ ఆన్ అయ్యి, ఇన్‌పుట్ తానే మార్చుకోవడం, టీవీ ఆపితే సౌండ్‌బార్ కూడా ఆగిపోవడం, ఇవన్నీ ఆ తీగ చలవే. చిక్కల్లా పేరుతోనే. సామ్‌సంగ్ వాడు దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటాడు, ఎల్‌జీ వాడు సింప్‌లింక్, సోనీ వాడు బ్రావియా సింక్, పానసోనిక్ వాడు వియెరా లింక్. సీఈసీ అన్న మాట కోసం వెతికి, మా టీవీలో లేదనుకుని వదిలేసినవాళ్ళు ఎందరో. టీవీ వైపు ఒక్కటే సరిపోదు, అవతలి వైపు కూడా ఆన్ చెయ్యాలి. ఫైర్ టీవీలో, అంటే ఫైర్ స్టిక్ సెట్టింగుల్లో, డిస్‌ప్లే అండ్ సౌండ్స్ కింద ఉంటుంది. రోకూలో సిస్టమ్ కింద కంట్రోల్ అదర్ డివైసెస్ అని ఉంటుంది.

సౌండ్‌బార్ ఉన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. టీవీ వెనక నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులుంటే వాటిలో ఒక్కదాని పక్కనే ఏఆర్‌సీ అనో ఈఏఆర్‌సీ అనో రాసి ఉంటుంది. టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపేది ఆ పోర్టే, అందుకని సౌండ్‌బార్ కేబుల్ దానికే వెళ్ళాలి. ఇది 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన సదుపాయం, అంతకు ముందటి టీవీల్లో ఉండదు. పెట్టెలో ఇచ్చాడు కదా అని సన్నటి ఆప్టికల్ కేబుల్ పెట్టేస్తారు కొందరు. దాంతో శబ్దం వస్తుంది గానీ వాల్యూమ్ ఆజ్ఞ వెళ్ళదు, సౌండ్‌బార్ రిమోట్ మళ్ళీ సోఫా ఎక్కుతుంది. పాత సౌండ్‌బార్, ఆప్టికల్ తప్ప దారి లేదంటారా, ఫైర్ టీవీ సెట్టింగుల్లో ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌కి వెళ్ళి వాల్యూమ్ బటన్లని టీవీకి బదులు సౌండ్‌బార్‌కి అప్పగించండి.

సీఈసీ బంగారమేమీ కాదు. రెండు కంపెనీల వస్తువులు కలిసినచోట అప్పుడప్పుడూ అలుగుతుంది. అన్నీ గోడ ప్లగ్గుల నుంచి తీసేసి, రెండు మూడు నిమిషాలాగి, ముందు టీవీ పెట్టి తర్వాత మిగతావి పెడితే చాలాసార్లు దారికొస్తుంది. రాకపోతే అప్పుడు యూనివర్సల్ రిమోట్ సంగతి.

కొట్టుకి వెళ్ళే ముందు ఇంట్లోని ఒక్కో పెట్టె దేనికి పలుకుతుందో తెలుసుకోవాలి. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. రిమోట్లలో పాతకాలం నుంచి ఉన్నది ఇన్‌ఫ్రారెడ్, మనం బళ్ళో పరారుణ కాంతి అని చదువుకున్నామే, అదే. రిమోట్ ముందు భాగంలోని చిన్న బల్బు సెకనుకి 38 వేల సార్లు కాస్త అటూ ఇటూగా మినుకుతూ సంకేతం పంపుతుంది. కంటికి కనపడదు, ఫోన్ కెమెరాకి కనపడుతుంది. రిమోట్‌ని కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కితే ఊదారంగులో మెరుస్తుంది. ఐఫోన్ వాళ్ళు సెల్ఫీ కెమెరాతో చూడండి, వెనక కెమెరా ఆ కాంతిని వడకట్టేస్తుంది. సెల్స్ అయిపోయాయా రిమోటే పోయిందా అని తేల్చుకోవడానికి కూడా ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఫైర్ స్టిక్‌కి ఇన్‌ఫ్రారెడ్ వినే కన్నే లేదు. దాని రిమోట్ స్టిక్‌తో బ్లూటూత్‌లో మాట్లాడుతుంది, టీవీ పవరు, వాల్యూమ్‌లకు మాత్రం ఇన్‌ఫ్రారెడ్ వాడుతుంది. అందుకే స్టిక్ టీవీ వెనక దాక్కున్నా పనిచేస్తుంది, వాల్యూమ్ మాత్రం టీవీ వైపు చూపిస్తేనే పెరుగుతుంది. రోకూలో స్టిక్కులు వైఫై మీద వింటాయి, ఎక్స్‌ప్రెస్, అల్ట్రా పెట్టెలు ఇన్‌ఫ్రారెడ్‌కి కూడా పలుకుతాయి. యాపిల్ టీవీ పెట్టె బ్లూటూత్, ఇన్‌ఫ్రారెడ్ రెండూ వింటుంది. దాని సెట్టింగుల్లోకి వెళ్ళి వేరే రిమోట్‌ని నేర్పించవచ్చు కూడా. ఎక్స్‌బాక్స్ ఇన్‌ఫ్రారెడ్ వింటుంది, ప్లేస్టేషన్ వినదు. టీవీలూ, సౌండ్‌బార్లూ, అన్ని పెట్టెల బొమ్మా శబ్దమూ అందుకుని టీవీకీ స్పీకర్లకీ పంచే ఏవీ రిసీవర్లూ దాదాపు అన్నీ వింటాయి.

వాల్‌మార్ట్‌లో జీఈ పేరుతోనో ఫిలిప్స్ పేరుతోనో పది డాలర్ల చుట్టూ దొరికే రిమోట్ ప్యాకెట్ మీద "నాలుగు పరికరాలు" అని ఉంటుంది. ఆ నాలుగూ ఇన్‌ఫ్రారెడ్ వినేవైతేనే ఆ మాట నిజం. ఫైర్ స్టిక్ కోసం దాన్ని కొని, సాయంత్రమంతా కోడ్లు కొడుతూ కూర్చుని, మర్నాడు రిటర్న్ లైన్లో నిలబడేవాళ్ళని చూస్తూనే ఉంటాను.

అలాగని ఆ పది డాలర్ల రిమోట్ పనికిరానిదేం కాదు. కొత్తగా వచ్చిన విద్యార్థులు నలుగురు కలిసి ఉండే అపార్టుమెంట్లో టీవీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఊరు మారేవాళ్ళు వాట్సాప్ గ్రూపులో పెట్టిన మూవింగ్ సేల్ నుంచి. టీవీ వస్తుంది, రిమోట్ రాదు. దానికి ఇదే మందు. ప్యాకెట్లోని కాగితంలో మీ టీవీ కంపెనీ కింద వరసగా కోడ్లుంటాయి, ఒక్కొక్కటే కొట్టి చూడాలి. పవరు పనిచెయ్యగానే పండగ చేసుకోకండి. వాల్యూమ్, ఇన్‌పుట్, మెనూ కూడా నొక్కి చూసి, అన్నీ పలికే కోడ్‌ని సెల్స్ మూత లోపల చీటీ మీద రాసి అంటించండి. ఆ కాగితం ఎలాగూ పోతుంది. చవక రిమోట్ల మీద హోమ్ బటన్ లేకపోవచ్చు, అప్పుడు స్మార్ట్ మెనూ చేతికందదు. ఫోన్ యాప్ ఉందిగా అనుకుంటాం. కానీ టీవీ మీ వైఫైలో ఉంటేనే యాప్‌కి దొరుకుతుంది, రిమోట్ లేకుండా టీవీని వైఫైలోకి ఎక్కించడమెలా? అందుకని స్మార్ట్ టీవీకైతే అదే కంపెనీ నమూనాలో చేసిన నకలు రిమోట్ ఆన్‌లైన్లో తెప్పించుకోవడం మేలు. దానికి కోడ్ల బాధ ఉండదు.

అన్నట్టు, ఇండియా నుంచి తెచ్చుకున్న రెడ్‌మీ ఫోన్ డ్రాయర్లో పడి ఉందా? ఆ ఫోన్లలో చాలావాటికి నెత్తిన ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఉంటుంది, రిమోట్ యాప్ కూడా ఉంటుంది. సామ్‌సంగ్ తన గెలాక్సీ ఎస్ ఫోన్లలో ఎస్6 తర్వాత ఆ బల్బు తీసేసింది. ఇక్కడి సహోద్యోగులు మీ ఫోన్‌తో కాన్ఫరెన్స్ రూమ్ టీవీ ఆపడం చూసి నోరెళ్ళబెడతారు. ఆఫీసులో మరీ అలవాటు చేసుకోకండి.

నిజంగా యూనివర్సల్ రిమోట్ అవసరమయ్యేది సొంతిల్లు కొన్నాక. న్యూజెర్సీ, వర్జీనియా, అట్లాంటా వైపైతే బేస్‌మెంట్లో, బేస్‌మెంట్లు ఉండని టెక్సాస్‌లో అయితే మేడ మీది మీడియా రూమ్‌లో ప్రొజెక్టరు, డెనాన్‌దో యమహాదో రిసీవరు, బ్లూరే, గేమింగ్ పెట్టె చేరతాయి. సినిమా మొదలుపెట్టాలంటే అయిదు అడుగులు, అయిదూ వరస తప్పకూడదు. ఈ ఇబ్బంది ఈనాటిది కాదు. యాపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ 1987లోనే కోర్ అనే రిమోట్ తెచ్చారు. మిగతా రిమోట్ల సంకేతాలన్నీ అది నేర్చుకునేది, కానీ దానికి నేర్పించడం మామూలు మనిషి వల్ల అయ్యేది కాదు. ఆ పనిని ఇంటిల్లిపాదికీ అందించింది లాజిటెక్ వాళ్ళ హార్మనీ. "సినిమా చూడాలి" అన్న ఒక్క బటన్‌తో అయిదు అడుగులూ అదే వేసేది. 2021 ఏప్రిల్‌లో ఆ కంపెనీ హార్మనీల తయారీ ఆపేసింది.

సెకండ్ హ్యాండ్ హార్మనీలు ఇప్పటికీ అమ్ముతున్నారు, బాగున్నాయి కూడా. కానీ వాటి సెటప్ కంపెనీ సర్వర్ మీద ఆధారపడుతుంది. హార్మనీ ఎక్స్‌ప్రెస్ అని 2019లో 250 డాలర్లకు వచ్చిన రకాన్ని 2020 సెప్టెంబరు 30న కంపెనీయే ఆపేసింది. చేతిలోని వస్తువు చెక్కుచెదరకపోయినా పనికిరాకుండా పోయింది. కొన్నవాళ్ళకి డబ్బు వాపసో, వేరే హార్మనీయో ఇచ్చారనుకోండి. ఆ భరోసా సెకండ్ హ్యాండ్‌లో కొన్న మీకు ఉండదు. అందుకే ఇప్పుడు పాత హార్మనీ కోసం పెద్ద మొత్తం పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఎవరైనా ఊరికే ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకోండి.

ఆ ఖాళీలోకి వచ్చింది సోఫాబేటన్. దాని ఎక్స్1ఎస్ రకంలో రిమోట్‌తో పాటు హబ్ అనే చిన్న పెట్టె వస్తుంది. ఆ హబ్ ఇన్‌ఫ్రారెడ్, బ్లూటూత్, వైఫై మూడూ మాట్లాడుతుంది కాబట్టి ఫైర్ స్టిక్ కూడా దాని మాట వింటుంది. హబ్ లేని చవక రకాలూ ఉన్నాయి. రిమోట్ మీకు నచ్చలేదా, ఫైర్ టీవీ క్యూబ్ ఉంది. అది తన చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ చల్లగలదు, నోటితో చెబితే టీవీ, సౌండ్‌బార్ ఆన్ చేస్తుంది. అయితే మన సినిమా పేర్లు చెప్పి వెతకమంటే అది వెతికేది వేరే ఏదో అవుతుంది. పేరు టైపు చేసుకోవడమే నయం.

ఏ రకం కొన్నా ఒక విషయం ముందే చూసుకోండి. చాలా పరికరాలకు ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే సంకేతం. ఆగి ఉంటే లేస్తుంది, నడుస్తుంటే ఆగుతుంది. రిమోట్ మాత్రం తాను పంపిన సంకేతం అందిందనే నమ్ముతుంది. మధ్యలో ఎవరో అడ్డంగా నడిచారనుకోండి, రిసీవర్‌కి అందలేదు. ఇక మీరు "ఆపు" అన్నప్పుడల్లా ప్రొజెక్టరు ఆగి రిసీవరు లేస్తుంది. దీనికి మందు ఆన్‌కి వేరు, ఆఫ్‌కి వేరు కోడ్లుండటం. డిస్క్రీట్ కోడ్లంటారు. చాలా పరికరాలు అసలు రిమోట్ మీద బటన్ లేకపోయినా వీటిని అర్థం చేసుకుంటాయి, యూనివర్సల్ రిమోట్ వాళ్ళ జాబితాలో ఉంటాయి. సెటప్ చేసేటప్పుడు పవర్ టాగిల్ అన్నది వదిలి, పవర్ ఆన్, పవర్ ఆఫ్ అన్నవి దొరుకుతాయేమో చూసి అవే పెట్టండి. ఎప్సన్ ప్రొజెక్టర్లు ఆపడానికి పవర్ రెండుసార్లు నొక్కమంటాయి, ఆ రెండు నొక్కుల మధ్యలో కాస్త ఆలస్యం కూడా మీరే రాయాలి. ఇదంతా ఒక వారాంతం పని. ఓపిక లేకపోతే కొనకండి.

ఎవరి కోసం కొంటున్నారో కూడా ఆలోచించండి. పగలు మీరిద్దరూ ఆఫీసులో, పిల్లలు బళ్ళో ఉంటారు. టీవీ ముందు ఉండేది ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు. నాన్నగారికి ఇంటి దగ్గర డీటీహెచ్ రిమోట్ మీద ఛానల్ నంబరు కొట్టడం అలవాటు, ఫైర్ స్టిక్ రిమోట్ మీద అంకెలే ఉండవు. యాభై బటన్ల యూనివర్సల్ రిమోట్ చేతికిస్తే ఒక్కటి తప్పు నొక్కి ఇన్‌పుట్ మారిపోయి, నల్ల తెర ముందు కూర్చుని, మీ మీటింగ్ అయిపోయేదాకా ఫోన్ చెయ్యకుండా ఉంటారు. వాళ్ళకి స్టిక్‌తో వచ్చిన చిన్న రిమోట్ ఒక్కటే ఇచ్చి మిగతావన్నీ దాచెయ్యండి. వాళ్ళు చూసే రెండు మూడు యాప్‌లు హోమ్ తెరలో ముందు వరసలోకి తెచ్చి, మిగతావి తీసెయ్యండి. కొనుగోళ్ళకి పిన్ పెట్టండి, లేకపోతే అద్దె సినిమాల బిల్లు వస్తుంది. పవర్ బటన్ మీద అమ్మ స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించండి. కళ్ళజోడు లేకపోయినా వేలికి తగులుతుంది. "ఏం అర్థం కాకపోతే హోమ్ నొక్కండి" అన్న ఒక్క సూత్రం నేర్పితే చాలు. సీఈసీ సరిగ్గా పెట్టి ఉంటే ఆ నొక్కుతో టీవీ, సౌండ్‌బార్, ఇన్‌పుట్ అన్నీ దారికొస్తాయి.

రిమోట్ మీద నెపం పడే ఒక తప్పు నిజానికి సౌండ్‌బార్‌ది. చాలా టీవీలకు ఇన్‌ఫ్రారెడ్ కన్ను కింది అంచున ఉంటుంది, సౌండ్‌బార్‌ని సరిగ్గా దాని ముందు పెడతాం. నాలుగంగుళాలు కిందికో వెనక్కో జరిపి చూడండి. చంటిపిల్లలున్న ఇళ్ళల్లో పెట్టెలన్నీ చెక్క తలుపుల బీరువాలో పెడతారు. ఇన్‌ఫ్రారెడ్ గాజులోంచి వెళ్తుంది, చెక్కలోంచి వెళ్ళదు. దానికి ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) రిపీటర్ అని సన్నటి వైర్ల సెట్టు దొరుకుతుంది. బయట ఒక కన్ను, లోపల ఒక్కో పెట్టెకీ ఒక్కో బల్బు అంటించుకోవాలి.

కొంటే రిటర్న్ గడువు చూసుకుని కొనండి. బెస్ట్ బైలో మామూలు గడువు 15 రోజులే. కొని, దీపావళికి విప్పుదాంలే అని అటక మీద పెట్టకండి. కొత్తది కుదిరాక పాత రిమోట్లు పారెయ్యకండి కూడా. యూనివర్సల్ రిమోట్‌కి బటన్ నేర్పించాలన్నా, రిసీవర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యాలన్నా అసలుదే అడుగుతుంది. సెల్స్ తీసేసి, అన్నిటినీ ఒక జిప్‌లాక్ సంచిలో వేసి, ఏది దేనిదో చీటీ రాసి టీవీ బల్ల సొరుగులో పెట్టండి. సెల్స్ లోపలే వదిలేస్తే ఏడాదికల్లా కారిపోయి స్ప్రింగులు తినేస్తాయి.