మిషన్ కొన్నావు సరే, ఇక కట్టెల సంగతి

చి॥ అబ్బాయికి పెదనాన్న దీవించి రాయునది.

చైన్ సా, అదే పెట్రోల్ రంపం మిషన్, కొన్నావని తెలిసిన దగ్గర్నుంచి మీ పెద్దమ్మకు ఒకటే టెన్షన్. గాలివానకు దొడ్లో పడిన జీడిచెట్టూ, గట్టు మీది తుమ్మా ఆదివారం కోసేస్తానన్నావట. కోద్దువుగాని, ముందు ఇది చదువు. ఫోన్లో చెబితే "అలాగే పెదనాన్నా" అంటావు, సగం వినవు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మన ఉద్దానంలో జీడి, కొబ్బరి, పనస తోటలు ఎలా నేలకూలాయో నీకూ తెలుసు. నేను మిషన్ పట్టింది అప్పుడే. పడిపోయిన చెట్టే కదా అని తేలిగ్గా తీసుకోకు. పడిన జీడికొమ్మ నేలకు ఒత్తుకుని విల్లులా వంగి ఉంటుంది. వంపు వైపు నిలబడి కోశావా, తెగిన క్షణంలో అది వచ్చి మొహాన కొడుతుంది. అందుకే ముందు మిషన్ ఆపి పక్కన పెట్టి చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూడు. ఏ కొమ్మ మీద బరువుంది, ఏది దేనికి ఆనుకుని ఉంది, ఏది తెగితే మాను ఎటు దొర్లుతుంది, ఇవి తేలాకే స్టార్ట్ చేసే తాడు లాగు. వాలు మీద ఉన్న దుంగకైతే ఎప్పుడూ పై వైపే నిలబడాలి.

వేళ్లతో సహా పెళ్లగిలిన మాను ఇంకా ప్రమాదం. మట్టితో లేచి నిలబడిన ఆ వేరుదిమ్మను ఇన్నాళ్లూ కిందికి లాగి పట్టుకున్నది మాను బరువే. దాన్ని కోసేశాక మొద్దు ఒక్కసారిగా లేచి మళ్లీ గోతిలో కూర్చుంటుంది. ఒక్కోసారి అటే ఒరుగుతుంది. ఆ గోతి దగ్గర పిల్లలు గానీ, దూడ గానీ ఉండకూడదు.

దుంగను ముక్కలు చేసేటప్పుడు రంపం ఇరుక్కోవడం అందరికీ జరిగేదే. కారణం బలం చాలకపోవడం కాదు, బరువు ఎటు వేలాడుతోందో చూడకపోవడం. దుంగ రెండు చివర్లా ఆని మధ్యలో కింద ఖాళీగా ఉంటే పైభాగం నొక్కుకుంటుంది, కిందిది సాగుతుంది. అలాంటప్పుడు పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కిందనుంచి పైకి కోయాలి. ఒక చివర మాత్రమే ఆని రెండోది గాల్లో ఉంటే దీనికి తలకిందులు: ముందు కింద మూడో వంతు, తర్వాత పైనుంచి. మొత్తం నేల మీదే పడి ఉంటే పైనుంచి ముప్పాతిక దాకా కోసి, దొర్లించి, మిగిలింది కోయి. చైన్ మట్టిని తాకితే పదును అక్కడికక్కడే పోతుంది. గట్టు మీది తుమ్మకు పాత కంచె తీగ బెరడులో కూరుకుపోయి ఉండొచ్చు, చూసుకో.

మిషన్ పట్టుకునేటప్పుడు ఎడమచేతి బొటనవేలు ముందు పిడి కిందుగా చుట్టి ఉండాలి. బ్లేడు ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషన్ నీ మొహం మీదికే ఎగిరి వస్తుంది. చైన్ సెకనుకు 20 మీటర్ల దాకా పరిగెడుతుంది కాబట్టి తప్పుకునే టైము నీకుండదు. బండి ఎక్కేముందే బ్రేకు చూసుకో అని చెబుతాం కదా, దీనికీ అంతే, చైన్‌ను ఆపే ముందు బ్రేకు పనిచేస్తోందో లేదో చూసుకున్నాకే కోత మొదలుపెట్టు. భుజం కంటే ఎత్తులో కోయకు, నిచ్చెనెక్కి అసలు కోయకు. స్టార్ట్ చేసేటప్పుడు చేత్తో గాల్లో వేలాడదీసి తాడు లాగే వాళ్లను చూసి నేర్చుకోకు. నేల మీద పెట్టి, వెనక పిడిని బూటుతో తొక్కి పట్టి లాగాలి.

లుంగీ, మెడలో తువ్వాలు ఆ రోజుకు వద్దు. గట్టి బూట్లు, కళ్లద్దాలు, చెవులకు ప్లగ్గులు, వీలైతే చైన్‌ను ఆపే ప్యాంటు తెప్పించుకో. మిషన్ ఖరీదు ముందు అదేమంత ఎక్కువ కాదు.

పెట్రోల్‌లో 2టి ఆయిల్ ఎంత కలపాలో మీ మిషన్ పుస్తకంలో ఉంటుంది. 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలిసి వస్తోంది, నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బొరేటర్ పాడవుతుంది. పని అయ్యాక ఖాళీ చేసెయ్. చైన్ ఆయిల్ వేరే ట్యాంకు. ట్రాక్టర్‌లోంచి తీసిన కాలిన ఆయిల్ పోస్తే చవకే కానీ, అందులోని ఇనుప రజను బ్లేడును తినేస్తుంది. పొట్టు ముక్కలుగా రాలుతుంటే చైన్ పదునుగా ఉన్నట్టు, పిండిలా రాలితే ఆపి గుండ్రటి ఆకురాయితో పళ్లు రుద్దుకో. అన్ని పళ్లకూ ఒకే లెక్కన రుద్దాలి, లేకపోతే కోత ఒక పక్కకు లాగుతుంది. కొబ్బరిమాను మీద మాత్రం ఈ పదును తగలెయ్యకు. అది చీలదు, మంచి కట్టే కాదు.

ముక్కలు అడుగుకు మించకుండా కోయి, మీ కాగు పొయ్యికి అదే సరి. తుమ్మను పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి. ఎండితే గొడ్డలి ఎగిరి నీ మీదికే వస్తుంది. వెడల్పాటి మొద్దు మీద ముక్క నిలబెట్టి, ముందే ఉన్న బీట చూసుకుని దాని వెంబడే దెబ్బ వెయ్యి. పెద్ద దుంగకు మధ్యలో కొట్టకు, అంచుల నుంచి పేళ్లు తీసుకుంటూ రా. ముడి ఉన్న ముక్కతో కుస్తీ పట్టకుండా దాన్ని రంపానికే వదిలెయ్. జీడిసొన ఒంటికి తగిలితే పొక్కుతుంది, చేతులకు తొడుగులు వేసుకో.

నీకు అసలు ఓపిక కావలసింది దీని తర్వాతే. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే. దాన్ని పొయ్యిలో పెడితే మంట ఆ నీళ్లను మరిగించడానికే పోతుంది, పొగ మాత్రం మా కోడలు పీలుస్తుంది. ఇప్పుడు చీల్చినవి ఈ సంక్రాంతి అరిసెల పాకానికి పనికిరావు, దానికి అడితిలో ఎండు సరుగుడు కొనుక్కోండి. ఇవి ఎండాకాలమంతా ఎండి, రోహిణి కార్తె సెగ కూడా చూశాక, మృగశిరకు ముందు కప్పు కిందికి చేర్చు. రెండు పేళ్లు ఒకదానికొకటి తాటిస్తే ఖణేల్మనాలి, చివర్లు బీటలు వారి ఉండాలి, బెరడు చేత్తో ఊడి రావాలి.

నేల మీద పేర్చకు, చెదలు పడతాయి. కింద ఇటుకలు పెట్టి, పైన కర్రలు పరిచి, ఇంటి గోడకు ఆనకుండా గాలి ఆడేలా పేర్చు. టార్పాలిన్ పైన మాత్రమే కప్పు. చాలామంది చుట్టూ బిగించి కట్టేసి, లోపల బూజు పట్టాక కట్టె మంచిది కాదంటారు. కట్టెల గుట్ట అంటే తేళ్లకూ, కట్లపాములకూ ఇల్లే. రాత్రిపూట లైటు లేకుండా చెయ్యి పెట్టొద్దని అందరికీ చెప్పు. దొడ్డి కంచెలో గన్నేరు కొమ్మలు కొడితే ఈ గుట్టలో కలపకు, దాని పొగ విషం.

చెరువు గట్టు మీది చింతచెట్టు కూడా కొట్టేద్దామని నీకు ఆశ ఉన్నట్టుంది. దాని జోలికి పోకు. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలి. అనుమతి వచ్చినా నిలబడ్డ చెట్టును పడేసే పని నీది కాదు, అలవాటైన వాళ్లను పిలుద్దాం.

ఒంటరిగా కోయకు. ఈ ఆదివారం తమ్ముడికి ఖాళీ లేదు, వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తాడు, అప్పుడు పెట్టుకో. మన వెడల్పు గొడ్డలి వాడి చేతే పంపిస్తాను. చైన్ సైజు ఎంతో పెట్టె మీద చూసి ఫోన్ చెయ్యి, దానికి సరిపోయే ఆకురాయి కూడా తెస్తాడు.

— పెదనాన్న