తెల్లంచు హోస్టా గింజ వేస్తే పచ్చాకులే ఎందుకొచ్చాయి?

ప్రశ్న: నమస్తే సార్. మాది పలమనేరు దగ్గర పల్లె. అర ఎకరా షేడ్‌నెట్‌లో టమాటా, క్యాప్సికం నారు పెంచి అమ్ముతుంటాను. మా పాప అమెరికాలో ఉంటుంది. పోయినసారి వచ్చినప్పుడు వాళ్ల పక్కింటి పెరట్లోని హోస్టా అనే ఆకు మొక్క గింజలు పొట్లం కట్టి తెచ్చింది. ఫోటోలో పచ్చటి ఆకు చుట్టూ తెల్లటి అంచు, చూడముచ్చటగా ఉంది. రెండు ట్రేలలో వేస్తే సగం కూడా మొలవలేదు. మొలిచినవి కొన్ని మొదలు దగ్గర మెత్తబడి పడిపోయాయి. మిగిలినవన్నీ ఉత్త పచ్చాకులే. తెల్లంచు ఎలా తెప్పించాలి? వీటిని పెంచి బెంగళూరు నర్సరీలకు అమ్మొచ్చా?

జవాబు: అమ్మకం సంగతి ముందే చెప్పేస్తాను, వద్దు. హోస్టా చైనా, కొరియా, జపాన్ వైపు మొక్క. అక్కడ చలికాలం రాగానే ఆకంతా ఎండిపోతుంది, దుంప మాత్రం మట్టిలో నిద్రపోతుంది. 5 డిగ్రీల దగ్గరి చలిలో కొన్ని వారాలు అలా పడుకుని లేస్తేనే మళ్లీ గట్టి మోసులు వేస్తుంది. మీ పలమనేరు మా తిరుపతి కన్నా చల్లన, ఒప్పుకుంటాను. కానీ ఆ చలి మనకు వణుకు పుట్టించడానికి సరిపోతుంది గానీ హోస్టాను నిద్రపుచ్చడానికి చాలదు. హార్స్‌లీ కొండ మీద కూడా అంత చలి వారాల తరబడి నిలవదు. మొదటి ఏడాది మొక్క బాగానే కనిపిస్తుంది, మోసపోయేది అక్కడే. నిద్ర లేని మొక్క ఏటికేడు ఆకు చిన్నది చేసుకుంటూ కుంగిపోతుంది. గింజ నుంచి వచ్చిన హోస్టా నిండుగా పెరగడానికి మూడు నుంచి ఐదేళ్లు కావాలి. అన్నేళ్లు ఇక్కడ అది నిలవదు.

ఇక తెల్లంచు. బేనీషా మామిడి టెంక నాటితే బేనీషా రాదని మీ వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు, అందుకే అంటు కడతాం. హోస్టాలో దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. ఆకు అంచు ఒక కణాల పొర నుంచి, మధ్యభాగం దాని లోపలి పొర నుంచి తయారవుతాయి. గింజ పుట్టేది ఆ లోపలి పొరలోంచే. పైగా ఆకుకు పచ్చదనం ఇచ్చే పదార్థం తల్లి మొక్క నుంచే పిల్లకు వస్తుంది, పుప్పొడికి అందులో వాటా లేదు. మీ తల్లి మొక్కకు అంచు తెలుపు, నడుమ పచ్చ. కాబట్టి పిల్లలన్నీ పచ్చగానే పుట్టాయి. దీనికి తిరగేసిన రకం, అంటే నడుమ తెలుపు ఉన్న దాని గింజ వేస్తే మొలకలు పాలలా తెల్లగా వచ్చి, పచ్చదనం లేక కొద్ది రోజులకే చచ్చిపోతాయి. ఆకంతా చెదురుమదురుగా నిలువు చారలున్న తల్లి నుంచి మాత్రమే రంగురంగుల పిల్లలు రావచ్చు. ఏ ఎరువు వేసినా, ఏ మందు కొట్టినా మీ ట్రేలోని మొక్కకు అంచు రాదు. అలా వస్తుందని ఎవరైనా డబ్బా చేతిలో పెడితే తీసుకోకండి. ఆ దేశాల్లో కూడా అంచు రకాలను దుంపలు విడదీసి, లేదా టిష్యూ కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో మొక్క ముక్క నుంచి పెంచుతారు.

సగం మొలవకపోవడానికి కారణం చాలావరకు గింజలోనే ఉంటుంది. పొట్లంలో మిగిలినవి అరచేతిలో పోసుకుని వెలుతురుకు చూడండి. హోస్టా గింజ నల్లగా, పలచగా, కాగితం లాంటి రెక్కతో ఉంటుంది. ఒక కొసన చిన్న ఉబ్బు వేలికి తగులుతుంది, మొలక అందులోనే ఉంటుంది. తెల్లగా, పొట్టులా ఉన్నవి తాలు. కాయ ముదరకముందే కోస్తే తాలు ఎక్కువవుతుంది. పువ్వు పడ్డాక కనీసం ఆరు వారాలు ఆగి, కాయ గోధుమ రంగుకు తిరిగి మూడుగా విచ్చే ముందు కోయాలి. ఆ గింజను గది వేడిలో నెలల తరబడి ఉంచితే మొలక శక్తి పడిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే నిలుస్తుంది.

మెత్తబడి పడిపోవడం మీకు కొత్త కాదు, టమాటా నారులో చూసే నారుకుళ్లే. తడి ఎక్కువైంది. గింజ మీద కోకోపీట్ (కొబ్బరి పొట్టు) పలచగా చల్లితే చాలు. 20–25 డిగ్రీల్లో రెండు వారాల లోపే మొలకెత్తుతుంది. ఇప్పుడు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి ట్రే తడపండి, రోజూ నీళ్లు పోయడం మానేయండి. వానల్లో నత్తలు కూడా వస్తాయి, రాత్రి టార్చి వేసుకుని ఏరేయండి.

ఒక మాట కటువుగా చెప్పాలి. విదేశం నుంచి గింజలు అలా పొట్లంలో తేకూడదు. దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఒక కొత్త తెగులు మీ షేడ్‌నెట్‌లోకి వస్తే పోయేది మీ టమాటా నారే. పాపకు చెప్పండి. ఆన్‌లైన్‌లో నీలం హోస్టా, ఊదా హోస్టా అని వచ్చే గింజల ప్యాకెట్ల జోలికీ పోవద్దు. హోస్టాలో నీలం అంటే ఆకు మీది మైనపు పూత, ఎండా వేడీ తగిలితే కరిగి కింది పచ్చదనం బయటపడుతుంది.

నర్సరీలకే పెంచాలనుంటే స్పైడర్ ప్లాంట్ పెట్టండి. హోస్టాకు వరసకు చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. తెల్ల చారల రకం కాడ కొసన వేలాడే పిల్లలను తీసి కుండీలో గుచ్చితే చార చారలాగే వస్తుంది. మన వేడికి, మీ నీడకు రెండింటికీ సరిపోతుంది. కడియం నుంచి వచ్చే సరుకుతో పోటీ ఉంటుంది కాబట్టి నర్సరీ వాళ్లతో ధర మాట్లాడుకున్నాకే ట్రేలు నింపండి.

పాప ముచ్చటపడి తెచ్చిన గింజ కాబట్టి హోస్టాను పూర్తిగా పారేయమనను. గట్టి మొక్కలు నాలుగు ఉంచుకుని, పూర్తి నీడలో కుండీల్లో పెంచండి. డిసెంబరులో నీళ్లు తగ్గించి ఆకు ఎండనివ్వండి. తర్వాత దుంపను కాస్త తడి కోకోపీట్‌లో చుట్టి, చిల్లులు పెట్టిన కవరులో వేసి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఎనిమిది వారాలు ఉంచండి. పండ్ల పక్కన పెట్టొద్దు, వాటి నుంచి వచ్చే వాయువు మోసును చెడగొడుతుంది. కవరు మీద పేరు పెద్దగా రాసి పెట్టండి, లేకపోతే ఇంట్లో వాళ్లు ఏదో ఎండిన దుంప అనుకుని చెత్తలో పడేస్తారు.